కొత్త సెల్ వేశాకే ఫొటోలు చీకటిగా వస్తున్నాయి!

ప్రశ్న: నాన్నగారి పాత మినోల్టా ఎస్‌ఆర్‌టి-101 ఫిల్మ్ కెమెరా బయటికి తీశాను. షాపులో 625 సైజు బటన్ సెల్ కొని వేస్తే వ్యూఫైండర్‌లో ముల్లు బాగానే కదులుతోంది. అది చూపించినట్టే సెట్ చేసి 400 స్పీడు రీలు ఒకటి తీశాను. కడిగిస్తే చాలా ఫొటోలు చీకటిగా, గరుకుగా వచ్చాయి. వెలుతురు కొలిచే మీటరు పాడైందా?

జవాబు: అప్పుడే రిపేరుకు ఇవ్వకండి, ముందు సెల్ సంగతి చూడాలి. 1966లో ఈ కెమెరా వచ్చినప్పుడు అందులో వేసేది పాదరసం సెల్. దాని వోల్టేజి 1.35. అయిపోయేదాకా ఇంచుమించు అంతే ఉండేది కాబట్టి, మీటరును ఆ అంకె మీదే ఆధారపడేలా తయారు చేశారు. పాదరసం విషం కావడంతో ఆ సెల్స్ మార్కెట్లోంచి పోయాయి. అమెరికా అయితే 1996లో చట్టం చేసి మరీ అమ్మకం ఆపేసింది.

మీకు షాపులో ఇచ్చింది అదే సైజు ఆల్కలైన్ సెల్ అయి ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు అది 1.5 వోల్టులకు తగ్గదు. వోల్టేజి పెరిగితే ముల్లు ఎక్కువ లేస్తుంది. లేని వెలుతురు ఉన్నట్టు చూపిస్తుంది. దాన్ని నమ్మి మీరు ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వెళ్లే రంధ్రం) చిన్నది చేస్తారు, ఫిల్మ్‌కు వెలుతురు చాలదు.

ఫిల్మ్ స్పీడు పెట్టే ఏఎస్ఏ డయల్‌ను 400 బదులు 200కి తిప్పుకుంటే సరిపోతుందని కొందరంటారు. ఆ పద్ధతిని నేను ఒప్పుకోను. ఆల్కలైన్ సెల్ వాడేకొద్దీ వోల్టేజి దిగుతూ ఉంటుంది. పైగా తప్పు ఎండలో ఒకలా, గదిలో ఒకలా ఉంటుంది. ఈ వారం కుదిరిన లెక్క వచ్చే నెల కుదరదు.

చెవి మిషన్లలో వాడే 675 జింక్-ఎయిర్ సెల్ తెచ్చుకోండి. దాని వోల్టేజి 1.4, స్థిరంగా ఉంటుంది. 625 వెడల్పు 16 మిల్లీమీటర్లయితే దీనిది 11.6 మాత్రమే, కాబట్టి చుట్టూ రబ్బరు రింగు పెట్టాలి. స్టిక్కర్ ఒలిచాక కొన్ని నిమిషాలు గాలి తగలనిచ్చి వేయండి. ఒకసారి ఒలిస్తే వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోతుంది. ఆ బెడద వద్దనుకుంటే 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్, దానికి వోల్టేజి తగ్గించే అడాప్టర్ కొనండి. సైజు మాత్రమే సరిచేసే రింగులు కూడా అడాప్టర్ పేరుతోనే అమ్ముతారు, అడిగి తీసుకోండి. పాత కెమెరాలన్నిటికీ ఈ గొడవ లేదు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌లో బ్రిడ్జి సర్క్యూట్ ఉంటుంది కాబట్టి వోల్టేజి తేడాను పెద్దగా పట్టించుకోదు.

సెల్ మార్చాక పరీక్షించండి. నీడ సమంగా పడిన మామూలు గోడను ఫ్రేము నిండా చూపించి, అదే ఐఎస్ఓలో (ఏఎస్ఏకి ఇప్పటి పేరు) డిజిటల్ కెమెరా ఎంత చెబుతోందో పోల్చండి. ఎండలోనూ, గదిలోనూ మళ్లీ చూడండి. అన్నిచోట్లా ఒకే తేడా వస్తే, అప్పుడు ఏఎస్ఏ డయల్‌తో సర్దుకోవడంలో తప్పులేదు. తేడా చోటుకో రకంగా ఉంటే మెకానిక్ చూడాల్సిందే. ఎండలోంచి గదిలోకి రాగానే మాత్రం మీటరు చూడకండి. ఇందులోని కాడ్మియం సల్ఫైడ్ సెన్సర్ తేరుకోవడానికి కొంత సమయం పడుతుంది.

మీటరు సరిగ్గా ఉన్నా, అది ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థ బూడిద రంగుగానే లెక్కేస్తుంది. సున్నం వేసిన గోడ ముందు మనిషిని నిలబెడితే, గోడ తెలుపు చూసి మనిషిని నల్లగా చేసేస్తుంది. దగ్గరికెళ్లి ముఖం మీది వెలుతురును మీటరుతో కొలిచి, ఆ సెట్టింగ్‌తో వెనక్కి వచ్చి తీయండి. నెగెటివ్ ఫిల్మ్‌లో అనుమానం వస్తే ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువే ఇవ్వండి. ఎక్కువైన వెలుతురును అది ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడలోని వివరాలు మళ్లీ రావు.

ప్రశ్న: మీటరు పనిచేయని కెమెరాకు ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ చాలా?

జవాబు: పగటిపూట చాలు. నిండు ఎండలో అదీ అక్కర్లేదు. ఎపర్చర్ ఎఫ్16, షట్టర్ ఫిల్మ్ స్పీడుకు దగ్గరి అంకె పెట్టండి: 200 ఫిల్మ్‌కు 1/250.