మరిది పంపిన లింకు నొక్కాలా, వద్దా?

ప్రశ్న: గుంటూరులో టీచర్ని. పదేళ్ళుగా మా బ్యాంకు వాళ్ళ డీమ్యాట్‌లోనే షేర్లు కొంటున్నాను, ఇప్పుడు వాటి విలువ ఆరు లక్షల దాకా ఉంటుంది. నెలకి ఓ ఇరవై వేలు పెట్టి కొనడం, ఏడాదిలో మూడు నాలుగు సార్లు అమ్మడం, అంతే నా వ్యవహారం. బ్యాంకు అర శాతం బ్రోకరేజీ లాగేస్తోందని, తన యాప్‌లో డెలివరీకి, అంటే కొని ఉంచుకునే షేర్లకి, బ్రోకరేజీయే లేదని మా మరిది రెండు నెలలుగా నా ప్రాణం తీస్తున్నాడు. లింకు కూడా పంపాడు. ఆఫీసు ఎక్కడుందో కూడా తెలియని కంపెనీ చేతిలో ఇన్నేళ్ళ కష్టార్జితం పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చూసి నమ్మాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ లింకు సంగతి. ఇలాంటి లింకుతో ఖాతా తెరిస్తే పంపినవాళ్ళకి పాయింట్లో ఇంకేవో రావచ్చు. మీ మరిదిది దురాశ అనను, నిజంగానే మీ మేలు కోరే చెప్పుంటాడు, కానీ తను వాడుతున్న యాప్ ఒక్కటే తనకి తెలుసు, మీ అవసరం వేరు. లింకు పక్కన పెట్టండి. యాప్ నచ్చితే కంపెనీ వెబ్‌సైటుకి మీరే వెళ్ళి తెరుచుకోవచ్చు.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. మీ షేర్లు బ్యాంకు దగ్గరా లేవు, రేపు ఆ యాప్ కంపెనీ దగ్గరా ఉండవు. అవి ఉండేది ఎన్‌ఎస్‌డీఎల్‌లోనో సీడీఎస్‌ఎల్‌లోనో, మీ పాన్ నెంబరు మీద. షేర్లని ఎలక్ట్రానిక్ ఖాతాల్లో భద్రపరిచే ఈ రెండు సంస్థల్నే డిపాజిటరీలు అంటారు. బ్రోకరు మధ్యలో తలుపు తీసేవాడు మాత్రమే. మరి మోసం జరగదా అంటే, జరిగింది, మన హైదరాబాద్‌లోనే. 2019 నవంబరు 22న కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆర్డరు ఇచ్చింది. క్లయింట్లు సంతకం చేసి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకుని వాళ్ళ షేర్లనే తాకట్టు పెట్టి కంపెనీ అప్పులు తెచ్చుకుంది. 95 వేల మందికి పైగా క్లయింట్లు, 2,300 కోట్ల విలువైన షేర్లు. డిసెంబరు మొదట్లో సుమారు 83 వేల మందికి షేర్లు వెనక్కి వచ్చాయి గానీ, మిగతావాళ్ళు చాలాకాలం తిరిగారు. అదేమీ ఊరూపేరూ లేని కంపెనీ కాదు, ప్రతి ఊళ్ళో బోర్డు ఉన్నదే. అందుకే ఆఫీసు కనిపిస్తే ధైర్యం, కనిపించకపోతే భయం అనే లెక్క నేను ఒప్పుకోను.

ఆ తరవాత పద్ధతి చాలా మారింది. 2022 నవంబరు నుంచి కొత్త ఖాతాలకి ఆ పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అని పరిమితమైన అనుమతి పత్రం వచ్చింది, అది కూడా తప్పనిసరి కాదు. ఇవ్వకపోతే అమ్మిన ప్రతిసారీ డిపాజిటరీకి మీ టీపిన్ (డిపాజిటరీ దగ్గర మీ రహస్య నెంబరు), ఓటీపీ కొట్టాలి. ఏడాదికి నాలుగు సార్లు అమ్మే మీకు ఆ రెండు నిమిషాల శ్రమ పెద్ద లెక్క కాదు కాబట్టి, ఖాతా తెరిచేటప్పుడు డీడీపీఐ దగ్గర టిక్ పెట్టకండి. యాప్ వాళ్ళు అది ఇస్తే 'సులువు' అంటారు, ఎవరికి సులువో చెప్పరు. మీ ఫోన్ నెంబరు, మెయిల్ మీవే ఇవ్వండి, మరిదివి కాదు. షేర్లు బయటికి వెళ్ళినప్పుడల్లా డిపాజిటరీ నుంచే మెసేజ్ వస్తుంది, నెలలో లావాదేవీ ఉంటే స్టేట్‌మెంటు కూడా వస్తుంది. యాప్‌లో కనిపించే లెక్కని దాంతో ఒకసారి సరిచూస్తే చాలు. ఇంకొకటి, కంపెనీకి సెబీ రిజిస్ట్రేషన్ నెంబరు ఉంటుంది, ఐఎన్‌జెడ్ అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైటులో ఆ నెంబరు కొట్టి చూసుకోండి. ఏ బ్రోకరు మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైటులో పెడుతుంది, అక్కడ మొత్తం ఫిర్యాదులు కాకుండా క్లయింట్ల సంఖ్యతో పోల్చి చూడండి, లేకపోతే పెద్ద కంపెనీలన్నీ చెడ్డవిగానే కనిపిస్తాయి.

ఖర్చు. నెలకి 20 వేల చొప్పున కొంటే ఏడాదికి 2 లక్షల 40 వేలు, అర శాతం అంటే 1,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 216, వెరసి 1,416 రూపాయలు. అమ్మకాలవి వేరే. ఇందులో మీ మరిది మాట నిజమే. కానీ 'జీరో' అన్న మాట విని పొంగిపోకుండా ఒక్క అమ్మకాన్ని దగ్గరగా చూద్దాం. బ్రోకరేజీ లేని యాప్‌లో 3,000 రూపాయల షేర్లు అమ్మారనుకోండి. ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను) 0.1 శాతం, మూడు రూపాయలు. ఎక్స్ఛేంజీ చార్జీలు పైసల్లో. సాయంత్రం వచ్చే కాంట్రాక్ట్ నోట్ (ఆ రోజు లావాదేవీల బిల్లు) చూస్తే ఆహా అంతే కదా అనిపిస్తుంది. మర్నాడు లెడ్జర్ (మీ ఖాతా జమాఖర్చుల పట్టీ) తెరవండి, అక్కడ డీమ్యాట్ నుంచి షేర్లు తీసినందుకు డీపీ చార్జీ అని ఇంకో పదిహేను రూపాయల దాకా కోసి ఉంటారు, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. అది కాంట్రాక్ట్ నోట్‌లో కనిపించదు, అందుకే చాలామందికి తెలియదు కూడా. ఒక కంపెనీ షేర్లు ఒక రోజు ఎన్నిసార్లు అమ్మినా ఒక్కసారే పడుతుంది, కానీ అవే షేర్లని నాలుగు రోజుల పాటు కొంచెం కొంచెంగా అమ్మితే నాలుగుసార్లు పడుతుంది. నేనూ మొదట్లో అలాగే చిల్లరగా అమ్మి అరవై రూపాయలు సమర్పించుకున్నాను.

ఇంకో రకం యాప్‌లు డెలివరీకి కూడా ఆర్డరుకు ఇంత అని తీసుకుంటాయి. ఆర్డరుకు 20 అనుకుంటే జీఎస్టీతో 23 రూపాయల 60 పైసలు. ఇరవై వేలకి అది పెద్ద లెక్క కాదు. రెండు వేలకి మాత్రం ఒక శాతం దాటిపోతుంది, అంటే మీ బ్యాంకు కన్నా ఖరీదు. కాబట్టి మీరు ఒకసారికి ఎంత పెట్టి కొంటారో దాన్నిబట్టే ఏది చవకో తేలుతుంది, ప్రకటన చూసి కాదు.

ఏడాది చార్జీ దగ్గర మీరు మోసపోకుండా ఒక మాట. బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ అని, చిన్న మదుపరుల కోసం తక్కువ చార్జీల ఖాతా ఉంది. 2024 సెప్టెంబరు 1 నుంచి, షేర్ల విలువ 4 లక్షల లోపైతే ఏడాది చార్జీ లేదు, 4 నుంచి 10 లక్షల మధ్యైతే 100 రూపాయలే. మీ ఆరు లక్షలకి వంద. కానీ మొదటి పేరుగా మీకు ఒక్క డీమ్యాటే ఉండాలి. మరిది మాట విని కొత్తది తెరిచి, పాతది 'ఉంటే ఉంటుందిలే' అని వదిలేస్తే ఆ సౌకర్యం పోతుంది, రెండు చోట్లా చార్జీ కట్టాలి.

యాప్ ఆగిపోవడం గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. ఆ పూట నా యాప్ లాగిన్ స్క్రీన్ మీదే గిరగిర తిరుగుతూ కూర్చుంది, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. పొద్దున్న కొని మధ్యాహ్నం అమ్మేవాళ్ళకి అది ప్రాణసంకటం. మీలాగా ఏళ్ళ తరబడి ఉంచుకునేవాళ్ళు ఆ రోజు యాప్ తెరవకపోవడమే మంచిదైంది, రెండు మూడు రోజుల్లోనే మార్కెట్ కోలుకుంది. కాబట్టి దీనికి మీరు మార్కులు తక్కువ వేసినా పర్లేదు.

నన్నడిగితే ఎక్కువ మార్కులు వేయాల్సింది యాప్ మిమ్మల్ని ఎటు తోస్తోందన్న దానికి. తెరవగానే మీ షేర్లు కనిపిస్తున్నాయా, లేక ఆప్షన్లు, 'ఇప్పుడు కొనండి తరవాత కట్టండి' బటన్లు కనిపిస్తున్నాయా? డెలివరీ ఉచితంగా ఇచ్చే కంపెనీకి డబ్బులు ఎక్కడినుంచి వస్తాయో ఆలోచించండి. ఎక్కువగా ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు, అంటే ముందు రోజుల ధరల మీద పందెం లాంటి ఒప్పందాలు) ఆడేవాళ్ళ ఆర్డర్ల నుంచి, అప్పు మీద వడ్డీ నుంచి. సెబీ 2024లో లెక్క తీస్తే అంతకు ముందు మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ చేసిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం నష్టం లక్షా 80 వేల కోట్లు దాటింది. ఖాతా తెరిచేటప్పుడు ఆ సెగ్మెంటు కూడా కావాలా అని అడుగుతారు. వద్దనండి. పేస్లిప్పో బ్యాంకు స్టేట్‌మెంటో ఆదాయ రుజువుగా పెట్టమంటే అది దాని కోసమే అని గుర్తు.

మారాలని నిర్ణయించుకుంటే ఒక్కసారే అన్నీ తరలించకండి. కొత్త ఖాతాలో ఐదు వేలు వేసి ఒక షేరు కొనండి, వారం ఆగి అమ్మండి, డబ్బు బ్యాంకుకి తెప్పించుకోండి. ఎన్ని రోజులకి వచ్చిందో, ఎంత కోశారో రాసుకోండి. అదే సమయంలో కావాలనే ఏదో ఒక ప్రశ్న మెయిల్ పెట్టండి, మనిషి జవాబిచ్చాడా, మిషన్ జవాబిచ్చిందా తెలుస్తుంది. బాగుందనిపిస్తే పాత ఖాతా మూసేస్తూ షేర్లన్నీ మీ పేరు మీదే ఉన్న కొత్త ఖాతాకి బదిలీ చేయమని అడగండి, రెండు చోట్లా పేరు, పాన్ ఒకటే అయితే దానికి చార్జీ వేయకూడదు. ఖాతా మూసే ముందు పదేళ్ళ కాంట్రాక్ట్ నోట్లన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. షేర్లు వెళ్తాయి గానీ మీరు ఎంతకి కొన్నారో ఆ ధర వాటితో వెళ్ళదు, కొత్త యాప్‌లో ఆ చోట సున్నానో గీతో కనిపిస్తుంది. రేపు అమ్మినప్పుడు పన్ను లెక్కకి ఆ ధరే ఆధారం. ఈ ఒక్క పని చేయక తలలు పట్టుకున్నవాళ్ళు నాకు రాసిన ఉత్తరాలు చాలానే ఉన్నాయి.

ప్రశ్న: నాలుగేళ్ళ కిందట ఉద్యోగం మీద డల్లాస్ వచ్చాను. హైదరాబాద్‌లో ఉన్నప్పటి డీమ్యాట్‌తోనే ఇప్పటికీ షేర్లు కొంటున్నాను. ఇంతకన్నా మంచి యాప్ చెప్పండి.
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: యాప్ సంగతి తరవాత, ముందు ఆ ఖాతా ఆపండి. ఎన్నారై అయ్యాక రెసిడెంట్ ఖాతాతో కొనసాగకూడదు, అది విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా నిబంధన. బ్యాంకు ఖాతాని ఎన్నార్వోగా (ఎన్నారైల ఇండియా ఆదాయం కోసం ఉండే ఖాతా) మార్పించి, పాత షేర్లని ఎన్నార్వో డీమ్యాట్‌కి తరలించుకోవాలి. మీరు చూడాల్సింది బ్రోకరేజీ కాదు, అమెరికాలో ఉండేవాళ్ళని ఆ కంపెనీ తీసుకుంటుందా లేదా అన్నది. తీసుకున్నా చార్జీలు ఎక్కువే ఉంటాయి, షేర్లలో ఇంట్రాడే, అంటే ఒకే రోజు కొని అమ్మడం, కుదరదు. పనిలో పనిగా అదే యాప్‌లో మ్యూచువల్ ఫండ్లు కూడా కొనేయకండి, అమెరికా పన్నుల శాఖ మన ఫండ్లని పీఫిక్ (విదేశీ పెట్టుబడి కంపెనీ) కింద లెక్కేస్తుంది, ఫారం 8621 నింపలేక మీ ఆడిటరుకే చుక్కలు కనిపిస్తాయి.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో చెప్పిన యాప్‌లో లక్షన్నర పెట్టాను. ఇప్పుడు తొమ్మిది లక్షలు చూపిస్తోంది. విత్‌డ్రా చేద్దామంటే ముందు 20 శాతం ట్యాక్స్ కట్టమంటున్నారు. కట్టొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కట్టొద్దు. ఇక్కడ ఉండేవాళ్ళ లాభం మీద ఏ బ్రోకరూ పన్ను ముందుగా వసూలు చేయడు, అది మీరే రిటర్నులో చూపించి కట్టుకునేది. ఆ తొమ్మిది లక్షలు స్క్రీన్ మీద అంకె మాత్రమే, మీ లక్షన్నర కూడా దొంగ ఖాతాకే వెళ్ళింది. నిజమైన బ్రోకరుకి డబ్బు పంపే యూపీఐ ఐడీలో 2025 అక్టోబరు నుంచి బీఆర్‌కే అని, వ్యాలిడ్ అని ఉంటాయి, సెబీ చెక్‌లో (సెబీ పెట్టిన తనిఖీ సదుపాయం) ఆ ఐడీ సరిచూసుకునే వీలుంది. మీరు పంపింది ఎవరి పేరు మీదికి వెళ్ళిందో చూడండి, ఏదో వ్యక్తి పేరో కిరాణా కొట్టు పేరో ఉండి ఉంటుంది. ఇది చదవడం పక్కన పెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తరవాత మీ బ్యాంకుకి. గ్రూపులోంచి మాత్రం ఇప్పుడే బయటికి రాకండి, ముందు చాటింగులు, నెంబర్లు, డబ్బు పంపిన వివరాలు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ఫిర్యాదు చేసినప్పుడు పోలీసులు మొదట అడిగేది అవే.