డేట్ కనిపించేలా ఫోటో ఎందుకు?

ప్రశ్న: నా వయసు 27. పెళ్లయి ఏడాదిన్నర. రెండేళ్లు ఆగాకే పిల్లలని ఇద్దరం అనుకున్నాం. మావారి ఉద్యోగం వేరే ఊళ్లో, నెలకోసారి వస్తారు. కిందటిసారి వచ్చినప్పుడు కండోమ్ వాడాం. చిరగలేదు, జారలేదు. అయినా ఎందుకైనా మంచిదని మర్నాడు ఆయన ఎమర్జెన్సీ మాత్ర తెచ్చిస్తే వేసుకున్నాను. ఇది జరిగి నెల రోజులైంది. పీరియడ్ రావాల్సిన తేదీ దాటి 11 రోజులు. నాలుగో రోజున, పదో రోజున ఇంట్లోనే టెస్ట్ చేసుకున్నాను. రెండుసార్లూ నెగటివే. ‘అంత జాగ్రత్తగా ఉన్నాం కదా, మరి ఎలా తప్పింది?’ అంటారాయన. డేట్ కనిపించేలా స్ట్రిప్ ఫోటో పెట్టమంటే పెట్టాను. ఆయన మంచివారే, ఆఫీసు ఒత్తిడిలో ఉన్నారు. అత్తగారేమో ఫోన్ చేసినప్పుడల్లా ఏమైనా విశేషమా అని అడుగుతున్నారు. నాకు రెండు నెలలుగా నైట్ షిఫ్టులు, నిద్ర సరిగా లేదు. టెన్షన్‌తో ఊరికే బాత్రూంకి వెళ్లి చూసుకుంటున్నాను. కండోమ్ వాడినా గర్భం వచ్చే అవకాశం ఎంత? ఇంకో టెస్ట్ చేసుకోవాలా?
– ఓ సోదరి

జవాబు: అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. ఇంకో టెస్ట్ అక్కర్లేదు. గర్భం నిలిస్తే ఒంట్లో హెచ్‌సీజీ అనే హార్మోన్ తయారవుతుంది. స్ట్రిప్ మూత్రంలో వెతికేది దాన్నే. కలిసిన 21 రోజుల తర్వాత కూడా అది కనిపించలేదంటే ఆ ఫలితాన్ని నమ్మొచ్చు. మీరు రెండు టెస్టులూ ఆ గడువు దాటాకే చేసుకున్నారు.

మరి పీరియడ్ ఎందుకు రాలేదంటారా? కారణం మీ ఉత్తరంలోనే ఉంది. కండోమ్ చిరగనప్పుడు, జారనప్పుడు ఆ మాత్రతో పనేముంది? ఏదైనా పొరపాటు జరిగినప్పుడు 72 గంటల లోపు వేసుకునే మాత్ర అది. అండం విడుదలను వెనక్కి నెట్టడమే దాని ప్రధాన పని. అండం విడుదలయ్యాక సుమారు రెండు వారాలకు గానీ పీరియడ్ రాదు, కాబట్టి అక్కడ ఆలస్యమైతే ఇక్కడా ఆలస్యమే. ఆ మాత్ర వేసుకున్న నెలలో ఓ వారం అటూ ఇటూ కావడం మామూలు. మీకు దానికి తోడు నైట్ షిఫ్టులు, నిద్రలేమి, ఈ దిగులు. చూస్తుంటే ఎందుకైనా మంచిదని ఆయన తెచ్చిచ్చిన మాత్రే మీ తేదీని తప్పించినట్టుంది. ఎలా తప్పిందని మిమ్మల్ని నిలదీస్తున్నదీ ఆయనే!

కండోమ్ సంగతంటారా, ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో వంద మందిలో ఇద్దరికి గర్భం రావచ్చు. మామూలుగా జనం వాడే తీరులో అయితే ఆ సంఖ్య 13 దాకా ఉంటుంది. కాబట్టి పాజిటివ్ వచ్చి ఉన్నా అందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఇది మీకోసం చెప్పాను. కత్తిరించి ఆయనకు ఫార్వర్డ్ చేయడానికి కాదు.

ఎందుకంటున్నానంటే, మీరు ఈ లెక్క ఆయన కోసమే అడిగారని నాకు అనిపించింది. రెండుసార్లు నెగటివ్ వచ్చాక, వచ్చే అవకాశం ఎంత అని ఎవరడుగుతారు? సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చిన మనిషి అడుగుతుంది.

డేట్ కనిపించేలా ఫోటో. మీరు ఒక్క ముక్కలో దాటేశారు గానీ నేను అక్కడే ఆగిపోయాను. స్ట్రిప్ పక్కన ఏం పెట్టి తీశారమ్మా? గోడ మీద క్యాలెండర్ దింపి తెచ్చారా? ఒక్క గీతే పడిందని చూసి హమ్మయ్య అనుకోవాల్సిన క్షణంలో, అంకెలు స్పష్టంగా పడ్డాయో లేదోనని ఫోన్ అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండి ఉంటారు. ఇది మొగుడూ పెళ్లాల మధ్య జరగాల్సిన పనేనా?

ఆయన మిమ్మల్ని అనుమానించారని నేను తేల్చి చెప్పను. బిడ్డ బాధ్యత ఇప్పుడే మీద పడుతుందేమోనని బెదిరిపోయి ఉండొచ్చు. కానీ బెదిరిపోయినవాడు ‘నీకెలా ఉంది, నిద్రపోతున్నావా’ అని కూడా అడుగుతాడు. మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. ఆయన మంచివారని, ఒత్తిడిలో ఉన్నారని మాత్రం ఉంది. అది మీరు చెబుతున్న మాట.

సంసారంలో సర్దుకుపోవాలని నేనూ చెబుతుంటాను. డబ్బు దగ్గర, అత్తింటి మాటల దగ్గర, పంతాల దగ్గర సర్దుకోండి. మీ నడవడిక మీదకు వచ్చే మాట దగ్గర కుదరదు. రుజువులు చూపించి మెప్పిద్దామనుకుంటే ఈ నెల స్ట్రిప్ ఫోటో అడిగారు, వచ్చే నెల ఇంకేదో అడుగుతారు. ఇక ఏ ఫోటో పంపకండి.

ఫోన్లో తేల్చుకోవాలని చూడొద్దు. ‘ఊరికే అన్నాను’ అని పెట్టేస్తారు. ఈసారి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని ఒక్కటే అడగండి, డేట్ ఎందుకు కనిపించాలన్నావని. అడిగి ఊరుకోండి. ఎంతసేపు మౌనంగా ఉన్నా జవాబు మీరు అందించొద్దు. భయం కొద్దీ అన్నాను, తప్పయింది అంటే ఆ మాట అక్కడితో వదిలేయండి, తర్వాత ఎప్పుడూ ఎత్తిపొడవొద్దు. ‘ఇంతదానికి ఇంత రాద్ధాంతమా’ అంటే మాత్రం వదలకండి. ఇద్దరూ కలిసి ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాల్సిందేనని చెప్పండి. పెద్దల పంచాయితీలో పెట్టే సంగతి కాదిది.

ఇంకో వారంలో పీరియడ్ రాకపోతే గైనకాలజిస్టును కలవండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లకు రక్తపరీక్షలు రాస్తారు, అండాశయాల్లో నీటి బుడగల సమస్య (పీసీఓఎస్) ఉందేమో స్కానింగ్‌లో చూస్తారు. పొత్తికడుపులో ఓ పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే వారం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఆ మాత్ర మళ్లీ మళ్లీ వేసుకునేది కాదు. కండోమ్‌తో ధైర్యం చాలకపోతే కాపర్ టీ, రోజూ వేసుకునే మాత్రల్లో మీకు ఏది నప్పుతుందో డాక్టర్‌ని అడగండి. వీలైతే ఆయన్నీ వెంట రమ్మనండి, డాక్టర్ చెప్పేది ఆయనా వినాలి. ఆయన కోసం ఆగి మాత్రం ఆలస్యం చేయొద్దు.

అత్తగారిది పెద్ద సమస్యేం కాదు. ‘ఉంటే ముందు మీకే చెబుతాం అత్తయ్యా’ అంటే సరిపోతుంది. రెండేళ్లు ఆగాలనుకున్న సంగతి ఆవిడకు చెప్పాల్సింది ఆవిడ కొడుకు.