సరిహద్దుల మీద రాయబోయే చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

అరబ్బు దేశాల సరిహద్దు తగాదాలపై నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. శైలి నీకు పట్టుబడింది, కానీ మొదటి పేరాలోనే 1916లో బ్రిటన్, ఫ్రాన్సు ఒట్టోమాన్ అరబ్బు నేలలను రహస్యంగా పంచుకున్న సైక్స్–పికో ఒప్పందాన్ని బోనెక్కించి, నేటి గీతలన్నింటికీ అదే మూలమని తీర్పు చెప్పేశావు. ఆ ఒప్పందంలో ఫ్రాన్సు ప్రాబల్యం కిందికి వెళ్లిన మోసుల్ ఈనాడు ఇరాక్‌లో ఉంది. అరేబియా ఎడారి లోపలి హద్దులను అది గీయనేలేదు. ఇన్ని దేశాలను ఒకేసారి ఎత్తుకోకుండా, ఇరాక్–కువైట్ హద్దు ఒక్కటే తీసుకుని, దాన్ని నిర్ణయించిన కాగితాల వెంట వెళ్లు.

1913లో బ్రిటన్, ఒట్టోమాన్ ప్రభుత్వాలు కువైట్ చుట్టూ గీతలు గీసి సంతకాలు చేశాయి గాని, ప్రపంచ యుద్ధం ముంచుకురావడంతో ఆ ఒప్పందం ఆమోదానికి నోచుకోలేదు. 1922 చివర అరేబియా తూర్పు తీరంలోని ఉఖైర్‌లో ఇరాక్‌లోని బ్రిటిష్ హై కమిషనర్ పెర్సీ కాక్స్, మధ్య అరేబియాలోని నజ్ద్ పాలకుడు (తర్వాత సౌదీ అరేబియా స్థాపకుడు) ఇబ్న్ సౌద్, ఇరాక్ ప్రతినిధి సమావేశమయ్యారు. కువైట్ షేక్ అక్కడ లేడు. ఆయన పక్షాన మాట్లాడవలసినవాడు బ్రిటిష్ అధికారి మేజర్ మోర్. ఏ తెగ ఎక్కడ మేపుకుంటే అంతవరకూ తన రాజ్యమని ఇబ్న్ సౌద్ వాదించగా, కాక్స్ ఎర్ర పెన్సిల్‌తో పటం మీద గీత గీశాడు. కువైట్ 1913లో తనదనుకున్న నేలలో చాలా భాగం నజ్ద్‌కు పోయింది. కాక్స్ ఇబ్న్ సౌద్‌ను బడిపిల్లవాడిలా మందలించాడనే కథ ప్రధానంగా డిక్సన్ అనే అధికారి దశాబ్దాల తర్వాత అచ్చువేసిన జ్ఞాపకాల నుంచి వచ్చింది. వాడుకోవాలనుకుంటే ఆ సంగతి కూడా చెప్పి వాడుకో.

ఉఖైర్‌లో ఇరాక్–నజ్ద్ హద్దుపై కుదిరిన ఒప్పందంలోని ఒక నిబంధనను మాత్రం తప్పక వివరించు. సరిహద్దుకు సమీపంలోని బావుల దగ్గర కోటలు కట్టకూడదని రాసుకున్నారు, కానీ ఎంత దూరం వరకు సమీపమో తేల్చలేదు. గీతకు చాలా ఎడంగా ఉన్న బుసయ్యా దగ్గర 1927లో ఇరాక్ ఠాణా కట్టడం మొదలుపెట్టగానే, అది ఒప్పంద ఉల్లంఘనేనని ఇఖ్వాన్ యోధులు (ఇబ్న్ సౌద్ పక్షాన పోరాడిన తెగల మతయోధులు) దానిపై విరుచుకుపడ్డారు. ఎడారిలో బావి ఎవరి చేతిలో ఉంటే మంద వారిది, కనుక ఆ కోపం ఊరికే వచ్చింది కాదు.

ఇదే అస్పష్టత ఇరాక్–కువైట్ హద్దు మీద, ఇరాకీ గ్రామం సఫ్వాన్ దగ్గర మళ్లీ కనిపిస్తుంది. ఆ గ్రామానికి దక్షిణంగా హద్దు పోతుందని కాగితం చెబుతుంది, ఎన్ని గజాల దక్షిణంగానో చెప్పదు. 1923లో మోర్ చివరి ఈతచెట్లకు దాదాపు ఒక మైలు దూరంలో బోర్డు పాతించాడు, 1939లో దాన్ని తొలగించారు. 1932లో రాసుకున్న లేఖల్లో ఇరాక్ ఆ హద్దును ఒప్పుకుంది, 1961లో కువైట్ స్వతంత్రం కాగానే ఇరాక్ ప్రధాని ఖాసిమ్ మొత్తం దేశాన్నే తనదన్నాడు, 1963లో ఇరాక్ కొత్త ప్రభుత్వం కువైట్‌ను గుర్తించింది, 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం దాటి వచ్చింది. సరిహద్దు మీది రుమైలా క్షేత్రం చమురు, సముద్రానికి దారి ఇచ్చే వార్బా, బుబియాన్ దీవులు ఈ తగాదాకు బలమైన కారణాలు. పాత పత్రాలు వాటికి సాకులు అందించాయి. ఈ రెంటినీ కలిపేయకు. ఆ ఆగస్టులో కువైట్ నుంచి కట్టుబట్టలతో బయటపడిన భారతీయులలో మన కడప జిల్లావాళ్లూ ఉన్నారు, వారి మాటలు సేకరించగలిగితే ఇక్కడ పెట్టు.

ఆ యుద్ధం ముగిశాక ఐక్యరాజ్యసమితి సంఘం హద్దును కొలిచి రాళ్లు నాటింది. 1993లో భద్రతామండలి 833వ తీర్మానంతో దాన్ని అంతిమమంది, మరుసటి ఏడాది ఇరాక్ ఒప్పుకుంది. నీ వ్యాసం అక్కడ ఆగిపోయింది. ఇంకొంచెం ముందుకు వెళ్లు. కొలతల తర్వాత కొందరు ఇరాకీల ఆస్తులు కువైట్ వైపు ఉండిపోయాయి, వారికి పరిహారం చెల్లించే ఏర్పాటుకు 1994లో 899వ తీర్మానం చేయవలసి వచ్చింది. ఆ తీర్మానం తెప్పించుకుని చదివి, చివరి భాగం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి