నీళ్లు బాగా తాగుతున్నా తలనొప్పి, పిక్కలు పట్టేయడం.. ఎందుకు?

ప్రశ్న: మా ఆయనకు 46 ఏళ్లు. గాజువాక ఆటోనగర్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డర్. ఎండలు ముదిరినప్పటి నుంచి రోజుకు ఆరేడు లీటర్ల నీళ్లు తాగుతున్నారు. అయినా సాయంత్రానికి తలనొప్పి, వికారం. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి నిద్ర ఉండడం లేదు. బీపీకి రెండేళ్లుగా టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నారు. బీపీ ఉందని కూరల్లో ఉప్పు బాగా తగ్గించేశాను. రక్త పరీక్షలో సోడియం 128, పొటాషియం 3.4, క్రియాటినిన్ 0.9 వచ్చాయి. కిడ్నీలు దెబ్బతిన్నాయా? నీళ్లు ఇంకా పెంచాలా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఇంకా నీళ్లు వద్దమ్మా. మీవారికి తక్కువైంది ఉప్పు. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. 128కి దిగి, దానికి తోడు తలనొప్పి, వికారం కూడా ఉన్నాయంటే నాలుగు రోజులు ఆగి చూద్దాం అనుకోవద్దు. బీపీ మాత్ర రాసిన డాక్టర్‌కు ఈ రిపోర్టు ఇవాళే చూపించండి. ఆయన సరే అనేదాకా షెడ్డుకు పంపకండి. ఇక కిడ్నీల మాట: క్రియాటినిన్ 0.9 అంటే వడపోత బాగానే ఉంది. కాకపోతే వాటికి ఒకేసారి రెండు రకాల ఆదేశాలు అందుతున్నాయి.

కథ చెమట దగ్గర మొదలవుతుంది. ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. చుట్టూ గాలి 35, 36 డిగ్రీలకు చేరాక లోపలి వేడి బయటికి పోవడానికి చెమట తప్ప వేరే దారి దాదాపు ఉండదు. లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. ఆరితేనే సుమా! రెంటచింతలలో 44 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. మన విశాఖలో 35 డిగ్రీలే ఉన్నా సముద్రపు తేమకు అది ఆరదు, ధారగా కారుతుంది. నేల మీద పడ్డ చుక్క ఒంటిని చల్లబరచదు, ఒంట్లోని ఉప్పును మాత్రం పట్టుకుపోతుంది. తోలు గ్లౌజులు, మందపాటి చొక్కా, ముఖానికి షీల్డు వేసుకునే వెల్డర్‌కు చెమట ఆరే చోటే తక్కువ. వేడి దిగలేదు కదా అని మెదడులోని హైపోథాలమస్ ఇంకా ఇంకా చెమట పట్టిస్తూనే ఉంటుంది. ఆయన విప్పిన చొక్కా ఉతక్కుండా ఆరేసి చూడండి, వీపు మీద తెల్లటి చారలు కడతాయి. అదంతా ఉప్పే.

లీటరు చెమటలో మనిషిని బట్టి 1 నుంచి 4 గ్రాముల ఉప్పు ఉంటుంది. రెండు గ్రాములే అనుకున్నా, షిఫ్టులో నాలుగు లీటర్ల చెమట కారితే ఎనిమిది గ్రాములు పోయినట్టు. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించొద్దన్న మాట నీడపట్టున కూర్చుని పనిచేసే బీపీ మనిషికి చక్కగా సరిపోతుంది. మీరు తప్పు చేశారని కాదమ్మా, ఆ సలహా ఇచ్చినవారు ఆయన ఉద్యోగం ఏమిటో అడగలేదు, అంతే.

ఉప్పు పోయిన చోట ఉత్త నీళ్లు పోస్తే రక్తం పలుచబడుతుంది. మామూలుగా అయితే మెదడు వెంటనే, నీటిని మూత్రంలో పోనివ్వకుండా పట్టి ఉంచే ఏడీహెచ్ అనే హార్మోన్‌ను ఆపేస్తుంది, కిడ్నీలు ఎక్కువైన నీటిని మూత్రంగా వదిలేస్తాయి. కానీ చెమటతో ఒంట్లో రక్త పరిమాణం కూడా తగ్గింది కదా. పరిమాణం తగ్గినా, వికారం ఉన్నా అదే ఏడీహెచ్ విడుదలవుతుంది. 'నీళ్లు వదిలెయ్' అని ఒక కబురు, 'చుక్క కూడా పోనివ్వకు' అని ఇంకో కబురు! పరిమాణం బాగా తగ్గినప్పుడు రెండోదే నెగ్గుతుంది, ఎందుకంటే బీపీ పడిపోతే మనిషి నిలబడలేడు. దానికి తోడు బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రంలో ఉప్పును పోగొడుతుంది, పలుచటి మూత్రం తయారుచేసే శక్తిని తగ్గిస్తుంది, పొటాషియంను కూడా లాగేస్తుంది. పొటాషియం 3.4కి తగ్గడం వెనక ఈ మాత్ర చెయ్యే ఉండొచ్చు. పలుచబడ్డ రక్తంలోంచి నీరు కణాల్లోకి చేరుతుంది. పుర్రెలో మెదడు ఉబ్బడానికి జాగా ఉండదు, అందుకే తలనొప్పి, వికారం. పిక్కలు పట్టేయడం కూడా ఈ ఉప్పు లోటు వల్లే కావచ్చు. చాలామంది కాల్షియం తక్కువని మాత్రలు కొనేస్తుంటారు, ఇక్కడ ఆ డబ్బు దండగ.

మాత్రను డాక్టర్ మార్చే అవకాశం ఎక్కువ. మీ అంతట మీరు ఆపేసి బీపీ పెంచుకోవద్దు. వీధి చివర ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకోవడం అంతకన్నా వద్దు. రోజుల తరబడి తగ్గి ఉన్న సోడియంను 24 గంటల్లో 8 పాయింట్లకు మించి పెంచితే మెదడు నరాల పైపొర దెబ్బతినే ప్రమాదం ఉంది. చెంచాలతో ఉప్పు తినిపించడం కూడా అలాంటిదే.

డాక్టర్ మళ్లీ పనికి వెళ్లమన్నాక ఇలా చేయండి. షిఫ్టుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని ఒకే రకం పల్చటి బట్టలతో బరువు చూడమనండి. కిలో తగ్గితే, తాగిన దానికి పైన ఇంకో లీటరు లోటున్నట్టు. బరువు పెరిగితే నీళ్లు ఎక్కువైనట్టు, ఇది చాలామందికి తట్టదు. మూత్రం రంగు నీళ్ల సంగతి కొంత చెబుతుందేమో గానీ ఉప్పు సంగతి చెప్పదు. పని మధ్యలో ఉప్పేసిన మజ్జిగ, తరవాణి, చోడి అంబలి మంచివే. చెమట విపరీతంగా పోసిన రోజు ఓఆర్ఎస్ ఎంత తాగాలో డాక్టర్‌నే అడగండి. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. చాలామంది గ్లాసుడు నీళ్లలో కలిపేస్తారు, అప్పుడది పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలు తెస్తుంది. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, తల కొట్టి. పంచదార రుచి కోసం కాదు, పేగులో గ్లూకోజ్ తోడుంటేనే సోడియం చకచకా లోపలికి వెళ్తుంది. బొండం నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం చాలా తక్కువ, కాబట్టి ఓఆర్ఎస్ బదులు అది సరిపోదు. టెల్మిసార్టాన్ పొటాషియంను నిలబెడుతుంది గనుక, మాత్ర మారాక రోజూ బొండాలు తాగొచ్చో లేదో కూడా అడగండి.

మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒళ్లు కాలిపోతూ మనిషి తికమకగా ఉంటే వడదెబ్బ కావచ్చు. అంబులెన్స్ వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ గాలి తగిలేలా ఉంచి, మెడకీ చంకలకీ ఐస్ పెట్టండి. తెలివిలో లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి.

మాత్ర మార్చాక వారానికి సోడియం, పొటాషియం మళ్లీ చూడాలి, డాక్టర్ ఇంకా ముందే రమ్మంటే ముందే. మీరు పంపిన వివరాల్లో షుగర్ సంగతి లేదు. షుగర్ బాగా ఎక్కువున్నా రిపోర్టులో సోడియం తక్కువగా కనిపిస్తుంది, ఇవాళ వెళ్లినప్పుడు ఆ పరీక్ష కూడా చేయించండి.