ఒకే ప్రశ్న, రెండు జవాబులు

బాబూ,

వందనాలు. నీ ఉత్తరం చదివాను. యవ్వనస్తుల కూడికలో ఒక అబ్బాయి "అంత ప్రార్థన చేశాం కదా, మా నాన్న ఎందుకు చనిపోయాడు?" అని అడిగాడనీ, నువ్వు వెంటనే, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ మేలు కోసమే సమకూడి జరుగుతాయనే రోమా 8:28 చెప్పావనీ, ఆ తర్వాత ఆ అబ్బాయి కూడికకు రావడం మానేశాడనీ రాశావు. చెప్పిన వాక్యం సరైనదే కదా, తప్పెక్కడ జరిగిందని నీ బాధ.

వాక్యం సరైనదే. అది చెప్పిన సమయమే సరిగ్గా లేదు. యోహాను సువార్త 11వ అధ్యాయం నెమ్మదిగా చదువు. లాజరు చనిపోయాక అతని సోదరి మార్త యేసుకు ఎదురొచ్చి, "ప్రభువా, నువ్విక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు" అంటుంది. కాసేపటికి ఆమె సోదరి మరియ వచ్చి అదే మాట అంటుంది. మార్తకు యేసు పునరుత్థానం గురించి, అంటే చనిపోయినవాళ్లు తిరిగి లేవడం గురించి బోధించాడు. మరియ ఏడుస్తుంటే మాత్రం ఆ బోధ మళ్లీ చెప్పలేదు. "అతన్ని ఎక్కడ ఉంచారు?" అని అడిగి, తానూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. మాట ఒకటే అయినా అడిగిన మనుషులు వేరు కాబట్టి ఆయన జవాబూ వేరైంది. కష్టమైన ప్రశ్న ఎదురైనప్పుడు ముందు రిఫరెన్స్ వెతక్కు, అడిగిన మనిషి ముఖం చూడు అని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబును చూడటానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ మౌనంగా అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక పలికిన మాటలు విడిగా చదివితే చాలావరకు భక్తిగానే ఉంటాయి. అయినా చివరికి దేవుడు, నా సేవకుడైన యోబులా మీరు నా గురించి యుక్తమైనది పలకలేదని వాళ్ల మీదే కోపగించాడు. యోబు అడిగినవేమో ఘాటైన ప్రశ్నలు!

ఆ అబ్బాయి ఇంటికి వెళ్లు. వాళ్ల నాన్న గురించి అడుగు, చెప్పనివ్వు. వాక్యం కావాలని తనే అడిగితే 88వ కీర్తన చదివి వినిపించు. అది చీకటితోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా. అలాంటి ప్రార్థనకు కూడా బైబిల్లో చోటుందని తెలియడమే ఒక్కోసారి పెద్ద ఆదరణ. మీ మేలు కోసమే నా ఆలోచనలని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 మాత్రం తొందరపడి చెప్పకు. గోడల మీద రాసుకునే ఆ వచనానికి ముందున్న పదో వచనాన్ని చాలామంది చదవరు. ఆ మాట బబులోనులో బందీలుగా ఉన్న యూదులకు వచ్చింది, అదీ 70 ఏళ్లు గడిచాక జరిగేదాని గురించి.

ఇరికించాలని అడిగేవాళ్ల సంగతి వేరు. ఏ అధికారంతో ఇవన్నీ చేస్తున్నావని ప్రధానయాజకులు అడిగితే యేసు బదులుగా, బాప్తిస్మమిచ్చే యోహాను బాప్తిస్మం పరలోకం నుంచి వచ్చిందా మనుషుల నుంచా అని అడిగాడు. మాకు తెలియదని వాళ్లు తప్పించుకున్నారు, ఆయనా చెప్పలేదు. గలిలయను పాలించిన హేరోదు ఎన్ని ప్రశ్నలు వేసినా ఒక్కదానికీ బదులివ్వలేదు. కాబట్టి ఫోన్‌లో అర్ధరాత్రి దాకా వాదిస్తూ టెన్షన్ పడక్కర్లేదు. అయితే వెటకారంగా అడిగిన ప్రతివాడూ శత్రువేనని అనుకోకు. కొందరు తమ సందేహాన్ని బయటపెట్టలేక అలా అడుగుతారు. అపొస్తలుడైన పేతురు తన పత్రికలో "సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పమన్నాడు. మన వాళ్లు సమాధానం దగ్గరే ఆగిపోయి, ఆ రెండు మాటలూ వదిలేస్తారు.

తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి సిగ్గుపడకు. యోహాను 9లో యేసు వల్ల చూపు పొందిన మనిషిని పరిసయ్యులనే యూదు మతపెద్దలు ఎంత నిలదీసినా, యేసు పాపి అవునో కాదో నాకు తెలియదు, నేను ఒకప్పుడు గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. తెలిసినంతే చెప్పాడు, అది మాత్రం గట్టిగా చెప్పాడు. కాకపోతే నువ్వు నాయకుడివి కాబట్టి "తెలియదు" అన్నాక చదివి, ఆ మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

యెహోషువ గ్రంథంలో కనాను ప్రజల మీద అంత కఠినమైన యుద్ధాలు దేవుడు ఎందుకు చేయించాడని నువ్వడిగినదానికి ఇప్పుడు జవాబు రాయను. ముందు ఆదికాండము 15:16, ద్వితీయోపదేశకాండము 9:4-6 చదువు. వాటితో ఏం తేలిందో, ఇంకా ఏది మింగుడు పడలేదో రాసి పంపు. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

ప్రభువులో,
నీ పెదనాన్న