చెప్పిందే మళ్ళీ అప్పజెప్పడం దేనికి?

ప్రశ్న: మాది బొబ్బిలి. భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని మా టీకొట్టు దగ్గర అన్నీ విమానాల కబుర్లే. టవర్ వాళ్ళు చెప్పిందే పైలట్ మళ్ళీ చెప్తాడట, ఇదేటండీ, టైం వేస్ట్ కాదా?

జవాబు: కాదు బాబూ, దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు, ఏ ఎత్తు ఏ రన్‌వే అన్నది పైలట్ తిరిగి అప్పజెప్తే తప్పుంటే టవర్ వాళ్ళు అక్కడికక్కడే సరిచేస్తారు, ఊరికే "సరే సరే" అనేస్తే ఎవరికి ఏం అర్థమైందో ఎవడికి తెలుసు! ఇంకో తిరకాసుంది, ఆ రేడియోలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పోయి కీచుమనే సౌండే మిగుల్తుంది. 1977లో స్పెయిన్ వాళ్ళ టెనెరిఫ్ దీవి ఎయిర్‌పోర్టులో అదే అయింది, పొగమంచులో ఏమీ కనబడట్లేదు, టవర్ కేఎల్ఎం అనే డచ్ కంపెనీ విమానంతో "ఆగండి, పిలుస్తాం" అంటున్నప్పుడే పాన్ ఆమ్ అనే అమెరికా కంపెనీ విమానం పైలట్ "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అన్నాడు, రెండూ కేఎల్ఎం వాళ్ళకి సరిగ్గా వినబడలేదు, అప్పటికే వాళ్ళు పర్మిషన్ లేకుండానే పరుగు మొదలెట్టేశారు. రెండు విమానాలూ గుద్దుకుని 583 మంది పోయారు.

మన దగ్గర 1996లో హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర ఇంకోటి. 15,000 అడుగుల్లో ఉండాల్సిన కజకిస్తాన్ విమానం ఇంకా దిగిపోయి సౌదీ విమానాన్ని గుద్దేసింది, 349 మంది. ఆ తర్వాతే ఇక్కడ విమానాల్లో టీకాస్ అనే హెచ్చరిక యంత్రం తప్పనిసరి చేశారు, అది పక్క విమానం సిగ్నల్ పట్టి పైకెళ్ళమనో దిగమనో చెప్తుంది, టవర్ ఇంకోలా చెప్పినా సరే పైలట్ దాని మాటే వినాలి.