కాగితం కన్నా ముందు నీళ్ల సంగతి చూడు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వూ అల్లుడూ మోటార్‌హోమ్, అదే లోపలే ఇల్లులా ఉండే బండి, కొన్నారని తెలిసి చాలా సంతోషించాను. మొన్న ఫోనులో నువ్వు అడిగింది ఒకటే ప్రశ్న, అందులో ఏ టాయిలెట్ పేపర్ వాడాలి అని. ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ కాగితం సంగతి, టాయిలెట్ కింద మలం చేరే ట్యాంకు సంగతితో ముడిపడి ఉంది. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే సగం చెప్పినట్టే. పదిహేనేళ్లుగా ఇలాంటి బండిలో తిరుగుతున్నవాణ్ణి. కింద రాసినవాటిలో చాలావరకు స్వయంగా చేతులు పెట్టి నేర్చుకున్నవే. తీరిగ్గా చదువు, అల్లుడి చేత కూడా చదివించు.

మోటార్‌హోమ్‌ల కోసమే ప్రత్యేకంగా తయారు చేశామని రాసి అమ్మే కాగితం దొరుకుతుంది. మామూలు రకం కన్నా ఖరీదు ఎక్కువ. అది మంచిదే, కాదనను. కానీ మామూలుగా దొరికే ఒంటిపొర కాగితాల్లోనూ అంతే త్వరగా విడిపోయేవి ఉన్నాయి. ప్యాకెట్ మీది రాతను నమ్మే బదులు నువ్వే పరీక్షించి చూసుకో. మూత గట్టిగా పట్టే గాజు సీసా తీసుకుని సగానికి నీళ్లు పోసుకో. నాలుగు కాగితాలు అందులో వేసి, మూత బిగించి, పది సెకన్ల పాటు గట్టిగా కుదుపు. సీసాను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడు. పనికొచ్చే కాగితమైతే అంచులన్నీ చెదిరిపోయి, నీళ్లంతా మసకబారి, సన్నటి పీచు దూదిలా తేలుతూ కనిపిస్తుంది. పనికిరానిదైతే తడిసిన గుడ్డపేలికలా ముద్దగా అలాగే ఉంటుంది. గంట ఆగి మళ్లీ కుదిపినా దాని ఆకారం మారదు. సీసాలో ఎలా ఉందో ట్యాంకులోనూ అలాగే ఉంటుంది.

కాగితం పంచదారలా కరిగిపోదమ్మా. దానిలోని పీచు ఒకదాన్నొకటి వదిలి విడిపోతుంది, అంతే. వంటింట్లో చేతులు తుడుచుకునే కాగితం రోల్‌లో, తడిసినా చిరగకూడదని బలం కోసం రసాయనం కలుపుతారు. అందుకే అది నానినా అంత త్వరగా విడిపోదు. ముఖం తుడుచుకునే టిష్యూల్లోనూ చాలావాటికి ఇదే గుణం ఉంటుంది. ఈ రెండూ టాయిలెట్‌లో పడకూడదు. తడి వైప్స్ అయితే ఒక్కటి కూడా వద్దు. ఫ్లష్ చేయవచ్చని ప్యాకెట్ మీద రాసి ఉన్నా సరే, వద్దంటే వద్దు. శానిటరీ ప్యాడ్లు, దూది, జుట్టు, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం, ఇవన్నీ మూతున్న చెత్తబుట్టలోకే వెళ్లాలి. ఆ బుట్టను టాయిలెట్ పక్కనే, చేతికి అందేలా పెట్టు. దూరంగా ఉంటే అతిథులు వెతకరు.

ఇక అసలు విషయం నీళ్లు. ఎంత మంచి కాగితమైనా, నీళ్లు తక్కువైతే ట్యాంకులో మట్టిలా పేరుకుపోతుంది. ఇంట్లో ఒక్కసారి ఫ్లష్ చేస్తే 6 లీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా పోతాయి. బండి టాయిలెట్‌లో ఫ్లష్ పెడల్ నొక్కగానే వదిలేస్తే లీటరు కూడా పోదు. కొత్తవాళ్లు ట్యాంకు త్వరగా నిండుతుందేమోనని నీళ్లు పొదుపు చేస్తారు. తాగునీటి ట్యాంకు విషయంలో పొదుపు మంచిదే. మలం ట్యాంకు దగ్గర మాత్రం అదే పెద్ద పొరపాటు. పని ముగిశాక పెడల్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి నీళ్లు ధారాళంగా పోనివ్వు. ట్యాంకు ఖాళీ చేసిన ప్రతిసారీ, మళ్లీ వాడకముందే, అడుగుభాగమంతా మునిగేలా నీళ్లు పొయ్యాలి. పెద్ద ట్యాంకుకు 8 నుంచి 10 లీటర్లు పోస్తాను నేను. చేతి స్ప్రే బిగించుకుంటే కాగితం ఖర్చు తగ్గుతుంది, ట్యాంకులోకి నీళ్లూ చేరతాయి.

నా మొదటి ఏడాది జరిగిన సంగతి చెబుతాను. ఒకచోట మూడు వారాలు ఉండాల్సి వచ్చింది. మురుగు కనెక్షన్ బండి పక్కనే ఉంది కదా, రోజూ ఖాళీ చేసే పని ఉండదని గొట్టం తగిలించి, మలం ట్యాంకు వాల్వు తెరిచి వదిలేశాను. నీళ్లు ఎప్పటికప్పుడు జారిపోయాయి. మలం, కాగితం మాత్రం టాయిలెట్ కింద సరిగ్గా ఒకేచోట గుట్టగా పేరుకుని గట్టిపడ్డాయి. ఒకరోజు పెడల్ నొక్కి లోపలికి టార్చి వేస్తే, గుట్ట కొన దాదాపు టాయిలెట్ గిన్నె మెడ దాకా వచ్చి ఉంది. వాల్వు మూసి, ట్యాంకు నిండా నీళ్లు పోసి, రాత్రంతా నానబెట్టి, ఖాళీ చేసి, మళ్లీ నింపి... రెండు రోజులు ఇదే పని. మీ పెద్దమ్మ ఆ రెండు రోజులూ పక్కన నిలబడి టార్చి పట్టుకుంది, ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి ఆ వాల్వును మూసే ఉంచుతున్నాను. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాకే తెరుస్తాను. లోపల అంత నీరు ఉంటేనే వాల్వు తెరవగానే వేగంగా కిందికి దూకి, మిగిలినదాన్ని కూడా లాక్కుపోతుంది.

ట్యాంకు ఎంత నిండిందో చూపే సెన్సర్ ఎప్పుడూ నిండుగా ఉందనే చూపిస్తుంటే వెంటనే మెకానిక్‌ను పిలవకు. ట్యాంకు లోపలి గోడకు కాగితం ముక్క అతుక్కుని ఉండవచ్చు. సగానికి నీళ్లు పోసి కొంతదూరం బండి నడిపితే ఆ కుదుపులకు చాలాసార్లు ఊడిపోతుంది. ట్యాంకులో 1 లీటరు నీళ్లంటే 1 కిలో బరువు. 150 లీటర్లతో నిండిన ట్యాంకును వేసుకుని దూరప్రయాణం చేయడం బండికీ, బ్రేకులకూ మంచిది కాదు.

ఖాళీ చేసేటప్పుడు తొందరపడకూడదు. గ్లౌజులు వేసుకో. గొట్టం మీది మూత తీసేముందు రెండు ట్యాంకుల వాల్వులూ మూసి ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడు, కింద ఒక బకెట్ పెట్టు. వాల్వుకూ మూతకూ మధ్య కొంచెం మురుగు నిలిచి ఉంటుంది. ముందు మలం ట్యాంకు, ఆ తరువాత స్నానం, గిన్నెల నీళ్ల ట్యాంకు. రెండోదానిలోని సబ్బునీరు గొట్టాన్ని కడిగేస్తుంది. కాబట్టి ఆ ట్యాంకులో ఎప్పుడూ కొన్ని నీళ్లు మిగుల్చుకో. మధ్యలో పారదర్శకంగా ఉండే ముక్కను గొట్టానికి తగిలించుకుంటే నీరు తేటగా వచ్చేదాకా చూస్తూ ఉండవచ్చు. ట్యాంకు కడిగే గొట్టాన్ని తాగునీళ్లకు వాడకు. రెండింటినీ వేరు వేరు రంగుల్లో కొని, వేరు వేరు అరల్లో పెట్టు. పిల్లలు ఆ నీళ్లే తాగుతారు కదా, ఈ ఒక్క విషయంలో నాకు మాట ఇవ్వు. ట్యాంకు లోపలే కడిగే ఏర్పాటు మీ బండిలో ఉంటే, వాల్వు మూసి దాన్ని తిప్పి పక్కకు వెళ్లిపోకు. నిండి, పైకప్పు గాలిగొట్టం గుండానో టాయిలెట్ గిన్నె గుండానో పొంగుతుంది.

వాసన వస్తే అందరూ ముందు రసాయనం కోసం పరుగెడతారు. చాలాసార్లు కారణం మరొకటి. పైకప్పు ఫ్యాను తిరుగుతుండగా పెడల్ నొక్కితే ట్యాంకులోని గాలి గదిలోకి ఎక్కుతుంది. ముందు ఫ్యాను ఆపు. టాయిలెట్ గిన్నె అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. నిలవకపోతే రబ్బరు సీలు పాడైందని అర్థం. దానికి పెట్రోలియం జెల్లీ రాయకు, రబ్బరు ఉబ్బుతుంది. సిలికాన్ గ్రీజు రాయాలి. చాలాకాలం వాడని సింకు కింది వంపు గొట్టంలో నీళ్లు ఎండిపోయి అక్కడి నుంచి కూడా వాసన వస్తుంది. ఒక చెంబు నీళ్లు పోస్తే సరిపోతుంది.

రసాయనం వాడాలనుకుంటే ఎంజైములు, మంచి బాక్టీరియా ఉన్న రకం తీసుకో. ఫార్మాల్డిహైడ్ ఉన్నవి వద్దు. మురుగు చివరికి చేరే సెప్టిక్ ట్యాంకుల్లోని బాక్టీరియాను అది చంపేస్తుంది, ఆ ట్యాంకు మరెవరిదో. బ్లీచింగ్ ద్రావణం కూడా పోయకు. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరికి ప్రమాదమైన వాయువులు పుడతాయి, పైగా రబ్బరు సీళ్లు చెడిపోతాయి.

స్నానం, గిన్నెల నీళ్ల ట్యాంకు గురించి ఒక్కటే మాట. నూనె గిన్నెలను ముందు కాగితంతో తుడిచాకే కడుగు. జిడ్డు ట్యాంకులో చల్లారి గోడలకు పడితే వదిలించడం కష్టం.

నీళ్లు గడ్డకట్టే చలిలో బండిని నిలిపి ఉంచితే, రెండు ట్యాంకులూ పూర్తిగా ఖాళీ చేసి కడిగి, వంపు గొట్టాల్లో ప్రొపిలీన్ గ్లైకాల్ ఉండే గులాబీ రంగు యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టకుండా ఆపే ద్రవం, పోయించండి. కారు ఇంజనులో వాడేది వేరు, అది విషం.

బయలుదేరే రోజు ఉదయం ఫోన్ చేస్తాను. అప్పటికి సీసా పరీక్ష చేసి ఏ కాగితం ఎంచుకున్నావో చెప్పు. ట్యాంకు అడుగున నీళ్లు పోశారా అని కూడా అడుగుతాను.

ప్రేమతో,
మీ పెదనాన్న